పేరు పడని ఊపిరి

1963లో డ్యూక్ ఎల్లింగ్టన్ తన జాజ్ బృందాన్ని వెంటబెట్టుకుని మన దేశానికి వచ్చాడు. అమెరికా విదేశాంగ శాఖ పంపిన పర్యటన అది. డమాస్కస్‌లో మొదలై, కాబూల్ దాటి ఢిల్లీ చేరింది. ఢిల్లీ తరువాత హైదరాబాదుకూ వచ్చింది. జానీ హాడ్జెస్, పాల్ గొన్సాల్వెస్, హ్యారీ కార్నీ, రస్సెల్ ప్రొకోప్, జిమ్మీ హ్యామిల్టన్ ఆ బృందంలో సాక్సఫోన్ ఊదేవాళ్ళు. జాజ్ చెవినపడ్డ వాళ్ళెవరైనా ఈ ఐదు పేర్లనూ గౌరవంగా తలుచుకుంటారు. నవంబరు 22న కెనడీ హత్య జరిగేనాటికి వాళ్ళు టర్కీలో ఉన్నారు. పర్యటన అక్కడితో ఆగిపోయింది. మూడేళ్ళ తరువాత, 1966 డిసెంబరులో, ఆ ప్రయాణం జ్ఞాపకాలతో ‘ఫార్ ఈస్ట్ సూట్’ అనే ఆల్బం రికార్డు చేశారు. అందులో తొమ్మిది భాగాలు. ఢిల్లీ పేరుంది, ఆగ్రా పేరుంది, ఇరాన్‌లోని ఇస్ఫహాన్ పేరుంది. హైదరాబాదు పేరు లేదు.

ఆ అట్ట మీద మన ఊరి పేరు లేకపోతే మనకు పోయిందేమీ లేదు. అదే వాద్యం పట్టుకుని మన పాటల్లోకి గుండెల నిండా ఊపిరి ఊదిన మనుషుల పేర్లు మన రికార్డుల మీదే లేకుండా పోయాయి. అది మాత్రం తీరని నష్టం. ఈ కథ వాళ్ళది. వెలుగు చూడకముందే చీకట్లో కలిసిపోయిన ఒక వృత్తి కథ.

ఆబిడ్స్ చౌరస్తా నుంచి నాంపల్లి స్టేషన్‌కు నడిచి వెళ్ళొచ్చు. హైదరాబాదు నగరంలో పాశ్చాత్య సంగీతం ఒకప్పుడు ఎక్కువగా వినబడింది ఈ కాస్త మేరలోనే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ పేరు మీద వెలసిన పేట ఇది. ఇక్కడి చిరాగ్ అలీ గల్లీలో 1930లలో మహబూబ్ అలీ అనే ఆయన నడిపిన చిన్న రేడియో కేంద్రమే 1935లో నిజాం సర్కారు చేతికి వచ్చి దక్కన్ రేడియో అయింది. 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. దగ్గర్లోనే సెయింట్ జార్జ్ చర్చి, గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కెథడ్రల్, వాటి చుట్టూ కాన్వెంటు బడులు. కాగితం మీది నొటేషన్ చూసి వాయించగలిగే వాళ్ళు మన దేశంలో ఎక్కడైనా తయారైంది ఇలాంటి చోట్లే: చర్చిలో, పల్టన్ బ్యాండులో, పోలీసు బ్యాండులో, రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో జరిగే డాన్సుల దగ్గర. స్వరం రాసుకుని చదివే అలవాటు మన కచేరీ సంప్రదాయంలో తక్కువ. సినిమా ఆర్కెస్ట్రాకు అది లేనిదే రోజు గడవదు. అందుకే బ్యాండు మేళం వాళ్ళూ, చర్చి పిల్లలూ, గోవా క్రైస్తవులూ, నేపాలీ పల్టన్ కుటుంబాల వాళ్ళూ సినిమా పాటకు వెన్నెముకగా నిలిచారు.

ఆబిడ్స్‌కు అప్పట్లో సాయంత్రాలు ఉండేవి. ఓరియంట్ హోటల్లో మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు కూర్చునేవారు. త్రీ ఏసెస్ అనే బారు రెస్టారెంటు పేరు ఆ తరం వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. జమ్రుద్ మహల్, ప్యాలెస్, సాగర్, సంతోష్, సప్నా, ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ. ఇన్ని సినిమా హాళ్ళు కూతవేటు దూరంలో ఉండేవి. అటు నాంపల్లిలో 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పటి మైదానానికి మారిన నుమాయిష్. జనవరి వస్తే దాని లౌడ్‌స్పీకర్లలో పొద్దుపోయేదాకా పాటలే. ఊరికి సాక్సఫోన్ చెవిన పడింది ఎక్కువగా ఈ దారుల్లోనే, సినిమా తెర వెనక నుంచే. ఊదుతున్న మనిషిని చూసినవాళ్ళు చాలా తక్కువ.

ఆ మనిషి పని ఎలాంటిదో కాస్త చెప్పుకోవాలి. సినిమా రికార్డింగులో పూటకింత అని తీసుకుని వాయించే వాళ్ళను సెషన్ ప్లేయర్లు అంటారు. పొద్దున ఒక కాల్‌షీటు, మధ్యాహ్నం ఇంకొకటి. ట్యూను ఎవరిదో, సినిమా ఏదో, హీరో ఎవరో చాలాసార్లు స్టూడియోకు వెళ్ళాకే తెలుస్తుంది. అసిస్టెంటు తెచ్చి స్టాండు మీద కాగితం పెడతాడు. ఒకటి రెండు రిహార్సల్సు, ఆ వెంటనే టేకు. పాత రోజుల్లో గాయకుడు, తబలా, పాతికమంది వయొలిన్లు, అందరూ ఒకే హాల్లో, ఒకేసారి. మూడు నిమిషాల పాటలో రెండున్నర నిమిషాల దగ్గర ఎవరి స్వరం తప్పినా మళ్ళీ మొదటినుంచి. తనకున్నది రెండు ఇంటర్‌లూడ్లలో ఎనిమిదేసి సెకన్ల బిట్టే కావచ్చు. ఆ ఎనిమిది సెకన్ల కోసం మిగతా పాటంతా ఊపిరి కూడదీసుకుని కూర్చోవాలి.

సాక్సఫోన్ ఇత్తడిది. అయినా స్వరం పుట్టేది ఇత్తడిలో నుంచి కాదు. మూతి దగ్గర బిగించే సన్నటి రెల్లు చీలిక, రీడు, అసలు గొంతుక అదే. దక్షిణ ఫ్రాన్సులో పండే రెల్లుకు ఇందులో పేరెక్కువ. డబ్బీలో నుంచి తీసిన రీడును ముందు నోట్లో పెట్టుకుని తడుపుతారు. ఎండిన రీడు కీచుమంటుంది. తడిసిన దాన్ని మౌత్‌పీస్ మీద వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి బిగిస్తారు. మెడకు పట్టీ, కుడి బొటనవేలికి కొక్కెం. ఏళ్ళ తరబడి వాయించిన వాళ్ళకు ఆ బొటనవేలి మీద కాయ కాస్తుంది, కింది పెదవి లోపల పళ్ళ గుర్తు పడుతుంది. ఏసీ స్టూడియో చల్లదనానికి ఇత్తడి చల్లారితే శృతి దిగుతుంది. అందుకే తన వంతు రాకముందు చప్పుడు చేయకుండా గొట్టంలోకి వెచ్చటి ఊపిరి వదులుతూ ఉంటారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. సాక్సఫోన్ ఊదే మనిషే చాలాసార్లు ఫ్లూటూ ఊదేవాడు. అడాల్ఫ్ సాక్స్ తన వాద్యానికి పేటెంటు తీసుకున్నది 1846లో. థియోబాల్డ్ బోమ్ ఆధునిక ఫ్లూటును ఒక రూపానికి తెచ్చింది 1847లో. రెండింటి మీదా వేళ్ళు ఆడే తీరు చాలావరకు ఒకటే. పెదవుల పనితనం మాత్రం పూర్తిగా వేరు. ఒకటి పంటి కింద రీడును నొక్కిపట్టి ఊదాలి, ఇంకొకటి గాలిని సన్నటి అంచు మీదికి ఒదులుగా వదలాలి. ఒకే పాటలో, నాలుగు తాళాల వ్యవధిలో, ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఇంకొకటి అందుకోవడం అంటే నోటి కండరాలను అప్పటికప్పుడు మార్చుకోవడమే. దీన్ని ‘డబ్లింగ్’ అంటారు. అది చేతనైనవాడికి పని దొరుకుతుంది. ఇద్దరి కూలి దొరికేదా అన్నది వేరే మాట.

ఇప్పుడు మన సినిమా పాటల్ని గుర్తు చేసుకోండి. తెరమీద పిల్లనగ్రోవి వినబడిందంటే కృష్ణుడు, పల్లె, తొలిప్రేమ, ఏటిగట్టు. సాక్సఫోన్ వినబడిందంటే క్లబ్బు, విలన్ డెన్, గ్లాసులో విస్కీ, మెరుపుల గౌను. తెలుగు సినిమా ఈ రెండు వాద్యాలకూ రెండు కులాలు కట్టింది. ఒకటి గుడి మెట్ల మీద, ఒకటి బారు గుమ్మంలో. ఆ రెండు చోట్లా ఊదింది చాలాసార్లు ఒకే ఊపిరి. పొద్దున కాల్‌షీటులో బృందావనం, మధ్యాహ్నం కాల్‌షీటులో బొంబాయి క్లబ్బు. మన చెవులు ఒకదాన్ని భక్తిగా విన్నాయి, ఇంకొకదాన్ని కాస్త సిగ్గుపడుతూ విన్నాయి. రెండింటి వెనకా ఉన్నది ఒక్కడే అని ఎవరూ చెప్పలేదు.

ఈ వృత్తిలో కాస్త పేరు తెలిసిన వాళ్ళలో మనోహరి సింగ్‌ది మొదటి వరస. 1931లో కలకత్తాలో, బ్యాండు వాయించే నేపాలీ కుటుంబంలో పుట్టారు. బాటా చెప్పుల కంపెనీ బాటానగర్‌లో తన సొంత బ్యాండు నడిపేది. దానికి హంగరీ నుంచి వచ్చిన జోసెఫ్ న్యూమన్ కండక్టరు. మనోహరి కుర్రతనంలో అందులో చేరి కాగితం చదవడం, ఫ్లూటు, క్లారినెట్ నేర్చుకున్నారు. సాక్సఫోన్ ఆ తరువాత పట్టారు. 1958లో సలిల్ చౌధురి ప్రోద్బలంతో బొంబాయి చేరారు. అక్కడి నుంచి మూడు దశాబ్దాలు హిందీ సినిమా సాక్సఫోన్ అంటే ఎక్కువగా ఆయనే. ‘కశ్మీర్ కీ కలీ’ (1964)లో ఓ.పి. నయ్యర్ బాణీకి రఫీ పాడిన సోలో పాటలో గొంతుతో పోటీపడి తూలే ఆ సాక్సఫోన్ ఆయనది. ‘ఆరాధన’ (1969)లో వానరాత్రి పాటలో నిప్పు సెగలా పాకే సాక్సఫోన్ కూడా ఆయనదే. దాని పక్కన అకార్డియన్ కెర్సీ లార్డ్‌ది. తరువాత ఆర్.డి. బర్మన్ దగ్గర బాసు చక్రవర్తి, మారుతిరావులతో కలిసి అసిస్టెంటుగా పనిచేశారు. బాసు–మనోహరి అనే జంట పేరుతో ‘సబ్‌సే బడా రుపయ్యా’ (1976)కు సంగీతం కూడా ఇచ్చారు.

మనోహరికి టైటిల్స్‌లో పేరు పడింది, అసిస్టెంటు కాబట్టి. సాక్సఫోన్ మీద సినిమా ట్యూన్లు వాయించిన రికార్డులనూ హెచ్.ఎం.వి. విడుదల చేసింది. వాటిని వింటుంటే ముచ్చటేస్తుంది, వెంటనే గుండె బరువెక్కుతుంది. అంత చేయి తిరిగిన వాద్యకారుడు, ప్రపంచంలో ఏ జాజ్ వేదిక మీదైనా నిలబడగలిగిన మనిషి, తన పేరుతో వచ్చిన రికార్డులో కూడా ఎవరో పాడిన పాటలనే మళ్ళీ ఊదాల్సి వచ్చింది. కంపెనీ అడిగింది అదే, జనం కొన్నది అదే. తన మనసులో ఏ రాగం ఉందో, తనకే వదిలేస్తే ఎటు వెళ్ళేవాడో తెలుసుకునే అవకాశం మనకు రాలేదు. 2010 జులై 13న ముంబైలో పోయారు. అప్పటికి డెబ్భై తొమ్మిదేళ్ళు. చివరి ఏళ్ళలోనూ పాత పాటల కచేరీల్లో ఆయన లేచి నిలబడి ఊదుతుంటే, ఆ పాటల్లో ఆ ధ్వని ఈయనదా అని జనం అప్పుడు గుర్తుపట్టారు.

గోవా నుంచి బొంబాయి వెళ్ళిన వాళ్ళలో ఇలాంటి వాళ్ళు ఎందరో. ట్రంపెట్ వాయించిన చిక్ చాక్లెట్ అసలు పేరు ఆంటోనియో జేవియర్ వాజ్. రాత్రి హోటల్లో జాజ్, పగలు సినిమా స్టూడియో. 1967లో చనిపోయాడు. ఆంథొనీ గొన్సాల్వెస్ భారతీయ రాగాలనూ పాశ్చాత్య ఆర్కెస్ట్రానూ కలపాలని 1958లో ఒక సింఫనీ ఆర్కెస్ట్రా నిలబెట్టాలని చూశారు. అది నిలవలేదు. 1965లో అమెరికా వెళ్ళిపోయారు. ఆయన పేరు ఈ దేశంలో ఇంటింటికీ తెలిసింది, ఆయన దగ్గర వయొలిన్ నేర్చుకున్న ప్యారేలాల్ ఒక సినిమా పాటలో ఆ పేరు వాడాక.

బయటి దేశాల్లో ఈ వృత్తికి ఇంతకన్నా మంచి రోజులు ఉన్నాయా అంటే, కొంత ఉన్నాయి, కొంత లేవు. హ్యారల్డ్ మెక్‌నేర్ జమైకాలో కింగ్‌స్టన్‌లో పుట్టాడు. ఆల్ఫా బాయ్స్ స్కూల్ అని క్రైస్తవ సన్యాసినులు నడిపే బడి ఉంది అక్కడ. దిక్కులేని పిల్లలకు బ్యాండు నేర్పి బతుకు చూపించిన బడి. అక్కడ నేర్చుకుని, బహామాస్‌లో వాయించి, 1960లో యూరప్ చేరాడు. లండన్‌లో ఫ్లూటూ సాక్సఫోనూ రెండూ పట్టిన సెషన్ ప్లేయర్‌గా స్థిరపడ్డాడు. డొనొవన్ పాటల్లో వినబడే వేణువు ఇతనిదే. ‘కెస్’ అనే సినిమాలో డేగను పెంచుకునే కుర్రాడి వెంట పొలాల్లో తిరిగే ఆ ఒంటరి ఫ్లూటు కూడా ఇతనిదే. తేడా ఏమిటంటే, అతనికి తన పేరుతో ఆల్బం చేసే తలుపు తెరుచుకుంది. 1968లో నలుగురే మనుషులతో, పియానో, బేసు, డ్రమ్స్ మధ్య తను నిలబడి చేసిన ఆల్బం అది. పెట్టిన పేరు కూడా ‘హ్యారల్డ్ మెక్‌నేర్’. ఫ్లూటులోకి ఊదుతూనే గొంతుతో కూనిరాగం తీసే ఒక పద్ధతి ఉంది అతనికి, అది వింటే ఒక మనిషి ఇన్నాళ్ళూ మింగుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటపెడుతున్నట్టు ఉంటుంది. 1971 మార్చి 7న ఊపిరితిత్తుల కేన్సరుతో చనిపోయాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఊపిరినే వృత్తి చేసుకున్న మనిషికి వచ్చిన చావు అది.

అదే బడి నుంచి అదే లండన్ వెళ్ళిన జో హారియట్ మనకు ఇంకాస్త దగ్గరివాడు. కలకత్తాలో పుట్టిన జాన్ మేయర్ అనే స్వరకర్తతో కలిసి, సితారు తబలాల పక్కన ఆల్టో సాక్సఫోన్ నిలబెట్టి, 1966లో ‘ఇండో-జాజ్ సూట్’ చేశాడు. కలయిక సంగీతం అని ఇవాళ అందరూ అనేది అప్పుడే చేసి చూపించాడు. 1973 జనవరిలో, నలభై నాలుగేళ్ళకు, చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయాడు. ఈ వాద్యాన్ని కనిపెట్టిన అడాల్ఫ్ సాక్స్ కూడా మూడుసార్లు దివాలా తీసి, 1894లో పేదరికంలోనే చనిపోయాడు. పేరుంటే కడుపు నిండుతుందని నేను అనను. కానీ హారియట్, మెక్‌నేర్ ఇవాళ కూడా వినబడుతున్నారంటే అట్ట మీద పేరు ఉండబట్టే. కొత్త తరం వెతుక్కుంటూ పోయి వాళ్ళను మళ్ళీ అచ్చు వేసుకుంటోంది. పేరు లేనివాణ్ని ఎక్కడని వెతుకుతారు?

మన దగ్గర పతనం ఒక్కరోజులో రాలేదు. ముందు బహుళ ట్రాకుల రికార్డింగు వచ్చింది. అందరూ కలిసి కూర్చోనక్కర్లేదు, ఎవరి ముక్క వాళ్ళు విడిగా వాయించి వెళ్ళొచ్చు. సౌకర్యమే. కానీ ఒక హాల్లో యాభై మంది కలిసి ఊపిరి పీల్చుకునే ఆ అలవాటు అక్కడే తెగింది. తరువాత 1983లో యమహా డీఎక్స్-7 అనే సింథసైజరు, అదే ఏడు వాద్యాలను ఒకదానితో ఒకటి కలిపే మిడి పద్ధతి వచ్చాయి. మద్రాసు స్టూడియోల్లోకి కీబోర్డు వరదలా వచ్చింది. ఫ్లూటు బటను, సాక్సఫోన్ బటను, వయొలిన్ల గుంపు బటను, అన్నీ ఒకే బల్ల మీద.

తెలుగు పాటలో ఈ మలుపు ఒక్క జంటలో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. టి.వి. రాజు, సాలూరి రాజేశ్వరరావు ఆర్కెస్ట్రా కాలపు మహానుభావులు. రాజు గారి అబ్బాయి సోమరాజు, రాజేశ్వరరావు గారి అబ్బాయి కోటేశ్వరరావు కలిసి రాజ్–కోటి అయ్యారు. 1980లు, 90లలో తెలుగు పాట వాళ్ళది. తండ్రులు హాలు నిండా మనుషులను కూర్చోబెట్టి చేసిన పాటకూ కొడుకుల పాటకూ మధ్య కీబోర్డు వచ్చి కూర్చుంది. వాళ్ళ దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడే తరువాత ఎ.ఆర్. రెహమాన్. ఇందులో ఎవరినీ తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. రాజ్–కోటి పాటలు నాకు ప్రాణం. యాభై మంది భోజనం ఖర్చు మిగులుతుందంటే ఏ నిర్మాత వద్దంటాడు? కానీ ఆ యాభై మంది ఏమయ్యారని అడిగిన నిర్మాత గురించి నేను వినలేదు.

ఆ తుఫానులోనూ ఒకటి రెండు మంచి పనులు జరిగాయి. ఇళయరాజా 1986లో ‘హౌ టు నేమ్ ఇట్’, 1988లో హరిప్రసాద్ చౌరసియా వేణువుతో ‘నథింగ్ బట్ విండ్’ అనే ఆల్బంలు చేశారు. పాట లేకుండా, హీరో లేకుండా, వాద్యం తన కోసం తాను మాట్లాడిన రికార్డులు. దక్షిణాదిలో వాద్యకారుడు ఎంత దూరం పోగలడో అవి చూపించాయి. రెహమాన్ తన క్యాసెట్ల అట్టల మీద వాయించిన వాళ్ళ పేర్లు వేయడం మొదలుపెట్టారు. ‘బొంబాయి’ (1995) థీమ్ సంగీతంలో వేణువు ఊదింది నవీన్ కుమార్ అని ఇవాళ అందరికీ తెలుసంటే ఆ అలవాటు వల్లే. ఒక్క వరస అచ్చుకు అయ్యే ఖర్చు ఎంతని? ముప్ఫై ఏళ్ళ ముందే అది జరిగి ఉంటే ఎన్ని పేర్లు మిగిలేవి!

హైదరాబాదులో పూట గడిచే మిగతా దారులూ అప్పుడే ఒక్కొక్కటిగా మూసుకుపోయాయి. 1995 జనవరి 16 నుంచి రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఎన్నో ఇళ్ళల్లో ఆడవాళ్ళ కన్నీళ్ళు తుడవాలని తెచ్చిన చట్టం అది, దాన్ని నేను తక్కువ చేయను. అయితే బారు మూతపడితే బారులో మూలన కూర్చుని వాయించే బ్యాండుకూ చోటుండదు. 1997లో నిషేధం ఎత్తేశారు, బార్లు తెరుచుకున్నాయి. వాటిలో మోగింది మాత్రం డెక్కే. పెళ్ళి ఊరేగింపులో క్లారినెట్, సాక్సఫోన్, ట్రంపెట్ పట్టుకుని బంగారు అంచు కోటు తొడుక్కుని నడిచిన బ్యాండు వాళ్ళ ముందుకు లారీ మీద డీజే వచ్చి నిలబడింది. ఊరేగింపుల్లో డీజేల మోత భరించలేక 2024లో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో వాటిని నిషేధించారు. అప్పటికి ఊదేవాళ్ళలో చాలామంది వాద్యాలు అమ్ముకున్నారు. జమ్రుద్ మహల్ లేదు, ప్యాలెస్ లేదు, ఓరియంట్ లేదు. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఇవాళ దొరికేవి ఫోన్లు. ఆ పాటలన్నీ ఆ ఫోన్లలోనే ఉన్నాయి.

ఆబిడ్స్‌లో ఆదివారం దుకాణాలు మూసేస్తారు, వాటి ముందు పాత పుస్తకాల బజారు తెరుచుకుంటుంది. పుస్తకాల మధ్య అప్పుడప్పుడు పాత రికార్డులు కూడా కనబడతాయి. ఒకసారి ఒక తెలుగు ఈపీ అట్ట తిరగేసి చూస్తూ, “ఇందులో సాక్సఫోన్ ఊదిందెవరన్నా?” అని అడిగితే, అమ్మే ఆయన ఓపిగ్గా అట్ట నా చేతిలోంచి తీసుకుని చూశాడు. “ఘంటసాల పాడిండు సార్, ఈడ రాసుంది చూడుండ్రి” అన్నాడు. ఆయన చూపించింది నిజమే. గాయకుడి పేరుంది, రాసినాయన పేరుంది, సంగీత దర్శకుడి పేరుంది, కంపెనీ నంబరుంది. పాట సగం నడిచేది ఏ ఊపిరి మీదో ఆ పేరు లేదు.

పేరు లేకపోవడం అంటే గౌరవం దక్కకపోవడం ఒక్కటే అనుకుంటాం. చట్టం దాకా వెళితే అది కూటికి సంబంధించిన సంగతి. 1977లో సుప్రీంకోర్టు ఒక సంగీత హక్కుల కేసులో తీర్పు ఇచ్చినప్పుడు, జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ విడిగా ఒక మాట చేర్చారు. మన కాపీరైటు చట్టం స్వరం కట్టినవాణ్ని గుర్తిస్తోంది గానీ పాడినవాడి కళకు రక్షణ లేదు, దీన్ని సరిదిద్దాలి అన్నది దాని సారం. పాడినవాడికే దిక్కులేనప్పుడు ఊదినవాడి మాట చెప్పేదేముంది? ప్రదర్శకుల హక్కు అనేది చట్టంలోకి వచ్చింది 1994 సవరణతో. వాణిజ్యంగా వాడుకుంటే ప్రదర్శకుడికి రాయల్టీ అన్నది 2012 సవరణతో వచ్చింది. ‘కశ్మీర్ కీ కలీ’ నాటికీ ‘ఆరాధన’ నాటికీ ఆ హక్కు పుట్టనే లేదు.

ఆ 2012 సవరణలోనే ఇంకో వాక్యం ఉంది. సినిమాలో ఒకరి ప్రదర్శన యథాలాపంగానో, చిన్నదిగానో ఉండి, పరిశ్రమ వాడుక ప్రకారం టైటిల్స్‌తో సహా ఎక్కడా అతని పేరు చెప్పకపోతే, అతణ్ని ప్రదర్శకుడిగా లెక్కించకూడదు అని. తన ప్రదర్శనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు ఒక్కటే మిగులుతుంది. గుంపులో నిలబడే ఎక్స్‌ట్రాలను మనసులో పెట్టుకుని రాసి ఉండొచ్చు దాన్ని. కానీ ఎనిమిది సెకన్ల బిట్టు ‘చిన్నది’ కాదని ఎవరు వాదిస్తారు? ఎవరి తరఫున వాదిస్తారు? పేరు వేయని నిర్మాతకు తప్పు లేదు, పేరు పడనివాడికి హక్కు లేదు. అరవై ఏళ్ళు జరిగిన అన్యాయానికి చట్టం చేసిన వ్యాఖ్యానంలా ఉంది ఇది. నన్నడిగితే ఆ వాక్యంలో నుంచి వాద్యకారులను విడిగా బయటికి తీయాలి. ఒక పాటలో ఎంతసేపు ఊదాడన్నది కొలత కాకూడదు. ఆ ఎనిమిది సెకన్లు తీసేసి పాట విని చూడమనండి.

తెలుగు సినిమా పాటల చరిత్ర మీద మన దగ్గర మంచి పుస్తకాలే వచ్చాయి. గాయకుల మీద, కవుల మీద, సంగీత దర్శకుల మీద ఉన్నంత సమాచారం వాద్యకారుల మీద లేదు. మద్రాసులో తెలుగు పాటలకు వాయించి, పరిశ్రమతో పాటు హైదరాబాదుకు రాలేక అక్కడే ఉండిపోయిన వాళ్ళు, ఇక్కడికి వచ్చాక కీబోర్డు చూసి వాద్యం పెట్టె మూసిన వాళ్ళు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ళు ఎనభైలకు దగ్గర పడుతున్నారు. ఎవరు ఏ పాటలో ఏ బిట్టు ఊదారో వాళ్ళకు గుర్తుంటుంది. పక్క కుర్చీలో ఎవరు కూర్చున్నారో కూడా గుర్తుంటుంది. ఈ జ్ఞాపకం కాగితం మీద లేదు, ఆ తలల్లోనే ఉంది.

ఇది చదువుతున్న వాళ్ళలో ఎవరి తాతో, మేనమామో, పక్కింటి ఆయనో రికార్డింగుల్లో వాయించి ఉంటే, దయచేసి ఒక సాయంత్రం వాళ్ళ దగ్గర కూర్చోండి. పాత పాటలు ఒక్కొక్కటి పెట్టి వినిపించండి, వాళ్ళు చెప్పే పేర్లు తేదీ వేసి రాసిపెట్టండి, వాళ్ళ గొంతు ఫోనులో రికార్డు చేయండి. ఆ పేర్లను తెలుగు విశ్వవిద్యాలయం లాంటి సంస్థ ఒక పట్టికగా చేర్చిపెట్టాలి. పాత పాటలను మళ్ళీ అమ్ముకుంటున్న కంపెనీలు, యాప్‌లు గాయకుడి పేరు కింద ఇంకో వరస చేర్చి వాద్యకారుల పేర్లు వేయాలి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. ఈ పని ఈ పదేళ్ళలో చేయకపోతే ఆ తరువాత చెప్పేవాళ్ళు ఉండరు.